రై శబ్దమును రిపబ్లికును

రిపబ్లికు అను మాట మన దేశమున చదువురానివానికి సైతము పరిచితమైనది. 1950వ సంవత్సరము జనవరి 26వ తేదీ మొదలుకొని ఏటేట ఆ దినమున పల్లె బడిలోని పసివాడు మొదలు రాష్ట్రపతి వఱకు అందఱును దానిని స్మరించుచున్నారు. పతాక మెగురును, మిఠాయి పంచుదురు, ఉపన్యాసములు జరుగును. ఆ మాటకు అర్థమేమని అడిగినచో "రాజు లేని రాజ్యము" అని తడుముకొనక ఉత్తరమిత్తురు. ఆ యుత్తరము తప్పని యనజాలము. కాని ఆ మాట పుట్టినప్పుడు దానియందు రాజు ప్రసక్తియు లేదు, రాజ్యము ప్రసక్తియు లేదు. ఉన్నది ఆస్తి. అది యెవరి ఆస్తి యను ప్రశ్నమీద రోమునగరమున నెత్తురు ప్రవహించినది.

ఇది లాటిను భాషలోని రెండు పదముల కూడిక. మొదటిది 'రేస్' అను నామవాచకము, రెండవది 'పూబ్లికా' అను విశేషణము. (రేసనగా గుఱ్ఱపు పందెమని పట్టణవాసులు పొరబడకుందురు గాక!) ఫ్రెంచివారి నోటబడి, వారినుండి ఇంగ్లీషువారి నోటబడు నప్పటికి ఈ రెండును కరగి యొక ముద్ద యైనవి. రోమకులకు మాత్రము అవి వేఱువేఱు మాటలే. కావున వేఱుచేసియే చూతము.

లాటిను వ్యాకర్తలు తమ నామములను విభక్తుల తీరునుబట్టి ఐదు తరగతులుగా విభజింతురు. రేస్ అను శబ్దము ఐదవ తరగతిలోనిది. ఆ తరగతి మిక్కిలి చిన్నది. అందును రెండు వచనములయందును అన్ని విభక్తులును సమగ్రముగా గల శబ్దములు రెండే: దినమను నర్థముగల 'దియేస్', మన 'రేస్'. ప్రథమ రేస్, ద్వితీయ రెమ్, షష్ఠియు చతుర్థియు రెయీ, పంచమి రే. బహువచనమున ప్రథమాద్వితీయలు రెండును రేస్, షష్ఠి రేరుమ్, చతుర్థీపంచములు రేబుస్. తృతీయకు వేఱు రూపము లేదు, పంచమియే దాని పనియు చేయును. సప్తమి జాడ కొన్ని స్థలనామములయందును, మఱి రెండు మూడు మాటలయందును మాత్రమే మిగిలినది.

శబ్దమంజరి వల్లెవేసినవారికి ఐకారాంత పుంలింగమైన 'రై' శబ్దము జ్ఞాపకముండును. రాః, రాయౌ, రాయః. ధనమని యర్థము. అమరసింహుడు ధనపర్యాయములలో దీనిని చేర్చినాడు. కావ్యములలో ఎచ్చటనో గాని కానరాని యీ శబ్దమును ఏల కంఠస్థము చేయవలెనని బాలురు విసుగుకొనుట సహజమే. హల్లుతో మొదలగు ప్రత్యయము పరమైనపుడు ఇది 'రా' యగునని చెప్పుటకై పాణిని ప్రత్యేకముగా ఒక సూత్రమునే వెచ్చించినాడు. అందువలననే రాభ్యామ్, రాభిః, రాభ్యః అను రూపములు సిద్ధించుచున్నవి.

ఈ 'రాభ్యః' అను రూపమును లాటిను 'రేబుస్' ప్రక్కన నిలిపి చూడుడు. చతుర్థీబహువచనమునకును పంచమీబహువచనమునకును ఒకే రూపముండుట అక్కడను ఇక్కడను సమానము. సంస్కృతమున భకారమున్నచోట లాటినున పదమధ్యమందు బకారముండుట నియతమైన మార్పు. మన 'నభస్' శబ్దమునకు తోడబుట్టినది వారి మేఘవాచకమైన 'నెబులా'. లౌకికసంస్కృతమున ద్వితీయైకవచనము 'రాయమ్' అగును గాని, ఋగ్వేదమున 'రామ్' అను పురాతనరూపము కలదు. అది లాటిను 'రెమ్' శబ్దమునకు కవలపిల్ల. శ్రీరామచంద్రునితో దీనికి సంబంధము లేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. మనకు పుంలింగమైనది వారికి స్త్రీలింగమైనది, అంతియే భేదము.

ఇట్టి పోలికలు చూచినంతనే మనవారిలో కొందఱు లాటిను సంస్కృతమునుండి పుట్టినదని నిర్ణయింతురు. అభిమానము మంచిదే గాని శాస్త్రమునకు అది నిలువదు. 1786వ సంవత్సరమున కలకత్తాలో విలియము జోన్సు చేసిన ప్రసంగము మొదలుగా పండితులు స్థాపించినదేమనగా, ఈ రెండును నేడు లుప్తమైన యొక పూర్వభాషకు పుట్టిన అక్కచెల్లెండ్రు. తల్లి యింటి ధనమును ఇద్దఱును పంచుకొని పోయిరి. మన వాటాకు వచ్చిన రై శబ్దము, దాని వైదికరూపమైన 'రయి' శబ్దము మూలబడినవి. ఐనను 'రయి' గలది కాబట్టి 'రేవతి', అనగా ధనవతి, అను పేరు మాత్రము ఇరువది యేడవ నక్షత్రమునకు నిలిచియున్నది. మన పంచాంగములోని రేవతియు, రాజ్యాంగములోని రిపబ్లికును ఒక్క వేరునుండి మొలచినవి.

ఈ 'బుస్' ప్రత్యయమును గూర్చి యొక ముచ్చట చెప్పి ముందునకు సాగెదను. లాటినున 'ఓమ్నిబుస్' అనగా 'అందఱి కొఱకు', మన 'సర్వేభ్యః' వంటిది. 1820 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సుదేశపు నగరములందు ఎల్లవారును రుసుము చెల్లించి యెక్కు గుఱ్ఱపుబండ్లకు ఈ పేరు వచ్చినది. ఇంగ్లీషువారు ఆ మాటకు తల నఱికి తోక యుంచుకొనిరి. కావున నేడు మన మెక్కు బస్సు ప్రకృతి లేని వట్టి ప్రత్యయము. విభక్తిప్రత్యయముపై నెక్కి గుంటూరునుండి తెనాలికి పోవుచున్నామని వైయాకరణులు సంతోషింపవచ్చును.

రేస్ శబ్దమునకు మొదటి యర్థము కలిమి, సొత్తు. అచ్చటినుండి అది విస్తరించి వస్తువు, విషయము, కార్యము, వ్యవహారము, న్యాయస్థానమందలి వ్యాజ్యెము అను నర్థములను పొందినది. చదువరులకు ఈ వరుసను చూడగనే మన 'అర్థ' శబ్దము తలపునకు వచ్చి యుండును. ధనమర్థము, ప్రయోజనమర్థము, పదమునకు వాచ్యమైనది పదార్థము, వ్యాజ్యెము తెచ్చినవాడు అర్థి. రెండు భాషలును వేర్వేఱు మాటలతో ఒక్క దారిని నడచినవి. కుటుంబపు భూవసతిని రోమకులు 'రేస్ ఫమిలియారిస్' అనిరి. వ్యవసాయము 'రేస్ రూస్తికా', క్రీ.పూ. 37 ప్రాంతమున, తన యెనుబదవయేట, వర్రో యను పండితుడు రచించిన కృషిశాస్త్రమునకు ఇదియే పేరు. వ్యాజ్యెమున చిక్కినవాడు 'రెయుస్', అనగా ముద్దాయి. కచేరీల ఇంగ్లీషు జాబులలో విషయము తెలుపుటకు పైన వ్రాయు 'రీ' అను రెండక్షరముల మాట ఈ శబ్దపు పంచమీరూపమే. 'క్రొత్త రేస్' అనగా విప్లవము! క్రొత్త విషయములు కోరుచున్నాడనుట రోమునగరమున నేరారోపణముతో సమానము. స్థిరమైన సొత్తుగలవారు కల్పించిన నుడికారమని వేఱుగ చెప్పవలెనా?

ఫ్రెంచిభాషలో ఈ శబ్దమునకు పట్టిన గతి మిక్కిలి వింతయైనది. ద్వితీయారూపమైన 'రెమ్' అచ్చట 'రియెఁ' యైనది. మొదట దానికి 'ఒక వస్తువు' అని యర్థము. 'వస్తువైనను లేదు' అని వ్యతిరేకవాక్యములలో పదేపదే వాడగా వాడగా నేడు 'ఏమియు లేదు' అని యర్థమిచ్చుచున్నది. కలిమిని చెప్పిన మాట లేమిని చెప్పుటకు వచ్చినది.

ఇక విశేషణము. 'పూబ్లికుస్' అనునది ప్రజ యను నర్థముగల 'పొపులుస్' శబ్దమునుండి పుట్టినది. దాని పూర్వరూపము 'పొప్లికుస్'. క్రీ.పూ. 186లో రోమునగరపు పెద్దల సభ బాక్కుస్ దేవుని రహస్యపూజలను నిషేధించుచు చేసిన శాసనము గల కంచురేకు యొకటి 1640లో దక్షిణ ఇటలీలో దొరకినది. నేడది వియన్నా నగరమున నున్నది. బహిరంగముగా గాని, ఏకాంతముగా గాని యని చెప్పుచోట ఆ రేకున ఈ ప్రాతరూపమే చెక్కబడియున్నది. పిమ్మట, ఆయుధము పట్ట వయసు వచ్చిన పురుషులను చెప్పు 'పూబేస్' అను మఱియొక మాట దీనితో రాచుకొని 'పూబ్లికుస్' అయ్యెను. పొపులుస్ అనునదియు తొలుత సాయుధులైన జనసమూహమునకే పేరై యుండునని పండితుల యూహ. స్త్రీలును బానిసలును లేని ప్రజ యది. ఆ సంగతి మఱవరాదు.

దీనికి ప్రతిపక్షము 'ప్రీవాతుస్'. మనము సొంతమనునదానికి ఇంగ్లీషువారు వాడు మాట ఇదియే. కాని దాని ధాత్వర్థము వంచింపబడినది, ఒకదానిని కోలుపోయినది యని. ప్రజాధికారము లేక ఒంటిగా మిగిలినవాడు ప్రీవాతుస్. రోమకుల యూహలో నలుగురిదియే నిండైనది, ఒక్కనిది కొఱతపడినది.

విశేషణము విశేష్యమును లింగవచనవిభక్తులయందు అనుసరించుట లాటినునకును సంస్కృతమునకును సమానధర్మము. తెలుగున 'మంచి' యను మాట ఏ విభక్తి ముందైనను మంచిగనే యుండును. లాటినున నట్లు కాదు. రేస్ పూబ్లికా, రెమ్ పూబ్లికమ్, రెయీ పూబ్లికాయె, రేబుస్ పూబ్లికీస్ అని రెండును చేయి చేయి పట్టుకొని నడువవలసినదే. ఈ రెంటిలో ఒకటి మాఱి వేఱొకటి మాఱకుండుట వ్యాకరణమున తప్పు. చరిత్రలో ఆ తప్పు పలుమాఱులు జరిగినది. రేస్ ఒకవైపునకు పోయినది, పూబ్లికా పేరునకు మిగిలినది.

అది జరిగిన తీరు చెప్పుటకు ముందు సిసెరో యనువాని మాట చెప్పవలెను. క్రీ.పూ. 106లో పుట్టిన యీతడు గొప్ప వక్త. క్రీ.పూ. 54 మొదలు 51 వఱకు శ్రమించి, రేస్ పూబ్లికా అననేమో తేల్చుటకు ఆఱు పుస్తకముల గ్రంథము రచించెను. కార్తేజి నగరమును నేలమట్టము చేసిన స్కిపియో అను సేనాని తన తోటలో మిత్రులతో క్రీ.పూ. 129లో సంభాషించినట్లుగా అది నడచును. ఆ స్కిపియో నోట సిసెరో పలికించిన లక్షణము వ్యాకరణసూత్రము వలె నున్నది. పూబ్లికా యను విశేషణమును తీసి, దాని స్థానమున పొపులుస్ శబ్దపు షష్ఠీరూపమును నిలిపినాడు. ప్రజా సంబంధమైనది కాదు, ప్రజ *యొక్క* సొత్తు అని. విశేషణము సడలి యుండును, ఎట్లైనను సాగదీయవచ్చును. షష్ఠీవిభక్తి యట్లు సాగదు. పొలము రామయ్యది యన్న తరువాత అది రామయ్యకు ఉపకరించునది, రామయ్యకు ఇష్టమైనది యని వ్యాఖ్యానము చేయుటకు వీలులేదు. అంతటితో నాగక, ప్రజ యనగా ఎట్లో గుమిగూడిన గుంపు కాదనియు, న్యాయమునుగూర్చిన యంగీకారముచేతను, లాభమునందలి పాలుచేతను కూడివచ్చిన సమూహమనియు స్కిపియోచేత చెప్పించెను.

ఈ గ్రంథము దాదాపు వేయియేండ్లు లోకమునకు కానరాలేదు. కడపటి పుస్తకములోని స్వప్నవృత్తాంతము మాత్రము ఒక వ్యాఖ్యాత పుణ్యమున నిలిచినది. 1819లో వాటికను గ్రంథాలయాధికారియైన ఆంజెలో మాయి, కీర్తనములపై అగస్తీను రచించిన వ్యాఖ్య గల తోలుప్రతి నొకదానిని పరిశీలించుచుండగా, ఆ యక్షరముల క్రింద కడిగివేయబడిన వేఱు పెద్ద యక్షరములు మసకగా కానవచ్చినవి. అది సిసెరో గ్రంథము. తోలు ఖరీదైనది కావున సన్న్యాసులు ప్రాతవ్రాతను కడిగి దానిపై క్రొత్తవ్రాత వ్రాసికొనిరి. 1822లో ఆయన ప్రకటించినది మూలములో కొంతభాగమే. తక్కినది దొరకలేదు.

ప్రజల సొత్తు అనగా ఆ దినములలో ఊహామాత్రము కాదు, కొలువదగిన నేల. రోమకులు ఇటలీలోని యిరుగుపొరుగు జాతులను జయించి, వారి భూములలో కొంతభాగమును పట్టుకొని 'పూబ్లికుస్' అని పేరుపెట్టిరి. అది రోమకప్రజ యందఱి సొత్తు. సేద్యము చేసికొనదలచినవారు, పసుల మేపుకొనదలచినవారు స్వల్పమైన సుంకము చెల్లించి అనుభవింపవచ్చును. కాని చేతిలో పసులును బానిసలును ఉన్నవాడే కదా విస్తారమైన బీడును అనుభవింపగలవాడు? క్రమక్రమముగా సంపన్నులు కట్టలు వేసిరి, తోటలు నాటిరి, తమ పితరుల సమాధులు కట్టిరి, కూతుండ్రకు కట్నములుగా నిచ్చిరి, అప్పులకు తాకట్టు పెట్టిరి. ఒక్కొక్కరు ఐదువందల యూగెరములకు, అనగా సుమారు మూడువందల యెకరములకు, మించి పట్టరాదని చట్టముండెను. అది ఎల్లవారికిని తెలిసియుండెను. ఎవ్వరును లెక్కపెట్టలేదు.

క్రీ.పూ. 133లో తిబేరియుస్ గ్రాక్కుస్ అను యువకుడు ప్రజాపక్షపు అధికారియై యీ ప్రాతహద్దును మరల నిలుపుటకు చట్టము తెచ్చెను. మించిన భూమిని ముగ్గురు సభ్యుల సంఘము స్వాధీనపఱచుకొని, అమ్ముటకు వీలులేని చిన్న కమతములుగా బీదలకు పంచవలెను. పట్టినవారు మొఱపెట్టిరి. మా తండ్రితాతలు చెమటోడ్చిన నేల యనిరి. వారి మాట యంతయు బొంకు కాదు. డెబ్బది యెనుబది యేండ్లుగా ఎవ్వరును అడుగకుండ నుండిన ప్రభుత్వము ఒక్కనాడు వచ్చి కొలతగొలుసు పఱచిన ఎవనికిని కడుపు మండును. తిబేరియుస్ తన చట్టమునకు అడ్డుపడిన సహోద్యోగిని పదవినుండి తీయించుటయు క్రొత్త సంప్రదాయము, ప్రమాదకరమైన సంప్రదాయము. ఐనను ప్రత్యుత్తరము వచ్చిన తీరు చూడుడు. ఎన్నికల దినమున ప్రధానార్చకుడైన స్కిపియో నాసికా, రేస్ పూబ్లికా క్షేమమును కోరువారందఱును నా వెంట రండని పిలిచెను. సభాసదులు విఱుగగొట్టిన బల్లల కాళ్లును దుడ్డుకఱ్ఱలును చేతబట్టి వెంటబోయిరి. తిబేరియుసును, అతని పక్షమువారు మూడువందలమందియు ఆనాడు హతులైరి. శవములను టైబరు నదిలో పారవైచిరి.

ప్రజల సొత్తును ప్రజలకు పంచబోయినవానిని, ప్రజల సొత్తును రక్షింతమను పేరున చంపిరి! రెండు పక్షములును ఒకే నామవాచకమును పలికినవి.

సిసెరో తన లక్షణమును పలికించుటకు ఎన్నుకొన్న స్కిపియో ఎవడు? ఆ తిబేరియుస్ యక్కను పెండ్లాడిన బావయే. బావమఱది మరణము న్యాయమేయని పలికినవాడు. క్రీ.పూ. 129లో, అనగా గ్రంథములోని సంభాషణము జరిగినట్లు చెప్పిన ఏటనే, ఆ భూసంఘమునకు విరోధముగా పనిచేయుచు, ఒకనాటి యుదయమున పడకపై మృతుడై కనబడెను. కారణము తేలలేదు. సిసెరోయు భూస్వాముల పక్షమువాడే. క్రీ.పూ. 63లో తాను కాన్సలుగా నుండి యొక భూపంపక చట్టమును ఓడించెను. రాజ్యములు పుట్టినదే ప్రధానముగా ఎవరి సొత్తు వారికి నిలుచుటకని క్రీ.పూ. 44లో తన కుమారునికై రచించిన ధర్మగ్రంథమున వ్రాసెను. ప్రజల సొత్తని షష్ఠితో చెప్పినవాడే సొత్తుగలవారి న్యాయవాదియు నగుట ఆశ్చర్యము కాదు. ఈ మాట మొదటినుండియు రెండంచుల కత్తి. ఇక ఆ భూముల సంగతి: క్రీ.పూ. 111లో ఇంకొక చట్టము వచ్చి, ఇటలీలో వ్యక్తులు పట్టియున్న పూబ్లికుస్ భూములలో అధికభాగమును ప్రీవాతుస్ అని మార్చెను. కంచురేకుపై చెక్కిన ఆ చట్టపు ముక్కలు నేటికిని ఉన్నవి. ఇరువది రెండేండ్లలో విశేషణము మాఱినది, నేల చేయి మాఱలేదు.

తన గ్రంథపు ఐదవ పుస్తకమున సిసెరో వగచిన మాటను అగస్తీను ఉదాహరించుటచేత అది మనకు దక్కినది. పూర్వులు మనకు రేస్ పూబ్లికాను, కాలముచే రంగులు వెలసిన చక్కని చిత్రమువలె అప్పగించిరనియు, మనము రంగులు దిద్దుకొనక పోవుటయే గాక గీతలను సైతము కాపాడుకొనలేదనియు, మాటను నిలుపుకొని వస్తువును పోగొట్టుకొంటిమనియు అతని భావము. ఇందు చమత్కారము లాటిను తెలిసినవారికే గోచరించును. మాట, వస్తువు అనుచోట వస్తువునకు అతడు వాడినదియు రేస్ శబ్దమే. రేస్ పూబ్లికా యను పేరులో పేరు మిగిలి, రేస్ పోయినదని శ్లేష.

క్రీ.పూ. 43 డిసెంబరు 7వ తేదీన సిసెరోను శత్రువులు పట్టి చంపిరి; అతని తలను, వ్రాసిన చేతిని సభావేదికపై వ్రేలాడదీసిరి. ఆ ఆజ్ఞాపత్రమునకు సమ్మతించిన ముగ్గురిలో ఒకడు పదునాఱేండ్ల తరువాత, క్రీ.పూ. 27లో, ఔగుస్తుస్ అను బిరుదు పొందెను. సేన అతనిది, ధనాగారము అతనిది, ఎన్నుకొను ఉద్యోగులు అతని మనుష్యులు. కాని రాజు అను పేరు అతడు పెట్టుకొనలేదు. తాను రేస్ పూబ్లికాను తన యధీనమునుండి తీసి సభకును ప్రజకును అప్పగించితినని, తన జీవితచరిత్రలో వ్రాయించుకొనెను. ఆ వ్రాత నేటి టర్కీ రాజధాని యంకరా నగరమున గుడిగోడపై నిలిచియున్నది. అతని తరువాత వందలకొలది యేండ్లు చక్రవర్తులు ఏలుచు, ఏలుబడికి రేస్ పూబ్లికా యనియే పేరుంచిరి. అగస్తీను క్రీ.శ. 413కు పిమ్మట వ్రాసిన మహాగ్రంథమున సిసెరో లక్షణమునే త్రాసుగా పట్టి తూచి, న్యాయము లేనిచోట ప్రజయే లేదు, ప్రజ లేనిచోట ప్రజల సొత్తును లేదు, కావున రోమునగరమున అది ఏనాడును లేదని తీర్పు చెప్పెను. అతని తర్కమున దేవుడు అడ్డువచ్చును. ఆ సంగతి యటుంచిన, త్రాసు మంచిదే.

పిమ్మటి కాలమున రాజులున్నచోటను ఈ మాట యిబ్బందిలేక కాపురము చేసినది. పోలండువారు దీనిని తమ భాషలోనికి అక్షరాల మార్చి 'జెచ్‌పొస్పొలీతా', అనగా 'ఉమ్మడి వస్తువు', అని తమ దేశమునకు పేరుపెట్టుకొనిరి. అప్పుడు వారికి రాజులుండిరి. నేడు లేరు. పేరు అదియే. ఇంగ్లీషువారి 'కామన్‌వెల్తు'లో వెల్తు అనగా కలిమి. రేస్ శబ్దపు మొదటి యర్థము వారి మాటలో చక్కగ నిలిచినది. 1649లో తమ రాజు తల తీసిన పిమ్మట తమ రాజ్యమునకు ఆ పేరిడిరి, పదునొకొండేండ్లకు రాజకుమారుని మరల పిలుచుకొనిరి. రాజు లేకపోవుటయే రిపబ్లికు అను నర్థము గట్టిపడినది పదునెనిమిదవ శతాబ్ది చివర అమెరికా, ఫ్రాన్సు విప్లవములతోడనే.

మనకు ఈ మాట 1946 డిసెంబరు 13వ తేదీన రాజ్యాంగసభలో నెహ్రూ ప్రతిపాదించిన ఆశయతీర్మానముతో అధికారముగా వచ్చినది. తెలుగున గణతంత్రమనుచున్నాము, హిందీవారు గణరాజ్యమనుచున్నారు. గణమనగా సమూహము. పాణినికిని తెలిసిన మాట. లిచ్ఛవులు మొదలగువారి గణములు మన చరిత్రలోనివే. పూర్వమీ దేశమున గణరాజ్యములుండెననియు, వానిని కోలుపోయితిమనియు 1949 నవంబరు 25వ తేదీన అంబేద్కరు రాజ్యాంగసభకు జ్ఞాపకము చేసెను. మంచి మాటయే. ఐనను ఈ యనువాదములో ఒకటి జాఱిపోయినది. గణతంత్రము ఏలువారిని చెప్పును. రేస్ పూబ్లికా ఏలబడు సొత్తును చెప్పును. ఎవరు పాలింతురని మనము అడుగుచున్నాము, ఓటు వేయుచున్నాము. ఏది మనదని అడుగుట మన మాటలో లేదు.

లేదని యెట్లనవచ్చును? ఉన్నది, ఐతే రాజ్యాంగములో గాక కరణముల లెక్కలలో నున్నది. చెఱువుగట్టు, వాగు, బండ్లబాట, శ్మశానము, పసుల మేతబీడు, ఇవి 'పోరంబోకు'. ఇది తమిళమునుండి రెవిన్యూ కాగితములద్వారా మనకు వచ్చిన మాట. 'పుఱమ్' అనగా వెలుపల. పన్ను కట్టు పట్టాభూములకు వెలుపలిది. రోమకుడు ప్రజల సొత్తును నడుమ నుంచి, సొంతమైనదానిని కొఱతపడినదన్నాడు. మన లెక్క సొంతమైనదానిని నడుమ నుంచి, ప్రజల సొత్తును వెలుపలిదన్నది. అంతటితో పోలేదు. పనికిమాలినవానిని మన యూళ్లలో పోరంబోకు అని తిట్టుదురు. నలుగురి సొత్తునకు పెట్టిన పేరు తిట్టుగా మాఱిన భాష మనది.

ఈ పత్రిక చదువు రైతుపెద్దలకు తమ యూరి చెఱువు గట్టు వారి తాతలనాడు ఎంత వెడల్పుండెనో, నేడెంత యున్నదో చెప్పవలసిన పని లేదు. ఊరి యుమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించి గ్రామములకు మరల అప్పగించుటకు ఏర్పాట్లు చేయవలసినదిగా 2011 జనవరి 28వ తేదీన సుప్రీముకోర్టు రాష్ట్రప్రభుత్వముల నన్నిటిని ఆదేశించినది. పంజాబులోని యొక గ్రామపు చెఱువును పూడ్చి యిండ్లు కట్టిన వ్యాజ్యెమది. చిరకాలమునుండి పట్టియున్నామనుటయు, ఎంతయో వెచ్చించి కట్టితిమనుటయు ఆక్రమణమును క్రమపఱచుటకు కారణములు కావని అందు చెప్పిరి. తిబేరియుస్ కాలమున సంపన్నులు చెప్పిన సమాధానములును ఈ రెండే.

రోమకన్యాయము పండిన కాలమున, క్రీ.శ. 533లో జస్టినియను చక్రవర్తి ప్రకటించిన పాఠ్యగ్రంథమున వస్తువుల విభాగము కలదు. గాలి, పాఱు నీరు, సముద్రము ఎల్లవారివి. నదులును రేవులును పూబ్లికా. తనది కాని సొత్తును మంచిబుద్ధితో నిర్ణీతకాలము అనుభవించినవానికి స్వామ్యము సిద్ధించునను నియమము ఆ న్యాయమున కలదు గాని, ప్రజల వస్తువునకు అది వర్తింపదు. ఎన్ని తరములు పట్టియున్నను అది పట్టినవానిది కాదు. మన 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ఒకని భూమిని మఱియొకడు ఎదిరించి పండ్రెండేండ్లు అనుభవించినచో దావా హక్కు పోవుననుచున్నది. ప్రభుత్వభూమి విషయమున ఆ గడువు ముప్పదియేండ్లు.